దత్తరాశి సూత్రానికి టీకా తాత్పర్యం

సూత్రం: గ్రాహకవేగపదకాలఘాతో దత్తరాశిః, ప్రతిలిపిభిర్వర్ధతే.

అవతారిక: పరీక్షకు ఎగిరిన విమానం తన సంగతులు కొన్ని టెలిమెట్రీ ద్వారా అప్పటికప్పుడు కిందికి చెబుతుంది. అన్నిటినీ రికార్డరులో రాసుకుంటుంది. ఈ రాత రేపు ఎంతవుతుందో ముందే తేల్చడానికి సూత్రం పుట్టింది.

ప్రతిపదార్థం: గ్రాహక = సెన్సర్ల సంఖ్య. వేగ = సెకనుకు తీసే రీడింగులు. పద = ఒక్కో రీడింగుకు పట్టే బిట్లు. కాల = రికార్డరు నడిచిన సేపు. గాలిలో ఉన్న సేపే అనుకోవడం బాలవ్యాఖ్య, రన్‌వే మీద ఆగి ఉన్నప్పుడూ అది రాస్తూనే ఉంటుంది. ఘాతః = వీటన్నిటి లబ్ధం. దత్తరాశిః = పోగయ్యే డేటా మొత్తం.

ఉదాహరణ: రెక్కలో 1,000 హెర్ట్జ్ కంపనాన్ని పట్టాలంటే రెట్టింపుకు మించిన వేగం శాస్త్రం, ఐదు రెట్లు ఆచారం. సెకనుకు 5,000 రీడింగులు, 16 బిట్ల చొప్పున, గంటకు 36 మెగాబైట్లు. అలాంటివి వంద ఉంటే 3.6 గిగాబైట్లు. సెకనుకు 10 మెగాబిట్ల కెమెరా ఒక్కటి బిగిస్తే అదొక్కటే 4.5 మింగుతుంది. ఇంధనం ఉష్ణోగ్రతకు సెకనుకొక రీడింగు చాలు. కాబట్టి సెన్సర్ల తలలు లెక్కపెట్టి సగటు కట్టేవారిది అపవ్యాఖ్యానం.

పూర్వపక్షం: నిరుటి లెక్కకు నూటికి ఇరవై కలిపితే పోదా?

సిద్ధాంతం: పోదు. 2014 జనాన్ని చూసి 2015 గోదావరి పుష్కరాలకు కొవ్వూరు గోష్పాద క్షేత్రంలో ఏర్పాట్లు చేసినట్టుంటుంది. డేటా క్యాలెండరును బట్టి కాక పరీక్షను బట్టి మెట్లుమెట్లుగా లేస్తుంది. తేజస్ యుద్ధవిమానం 2001 జనవరి 4న బెంగళూరులో తొలిసారి ఎగిరింది 18 నిమిషాలే. 2007లో గోవా దగ్గర ఆర్-73 క్షిపణిని ప్రయోగించింది. ఏ విమానానికైనా ఆయుధాల దశ వచ్చేసరికి, రెక్క కింద నుంచి ఆయుధం విడివడే తీరు చూడటానికి హైస్పీడు కెమెరాలు కావాలి. అందుచేత అంచనా వేసేవారు ముందు పరీక్షల షెడ్యూలు అడగాలి.

విశేషం: టెలిమెట్రీకి కేటాయించిన రేడియో పట్టీ కొలిచి ఇచ్చిందే కనుక దాని పెరుగుదలకు హద్దుంది. పైలటు భద్రతకు కావలసినవి ముందు పంపి, పట్టనిదంతా రికార్డరు నెత్తిన వేస్తారు.

ప్రతిలిపిభిః: ఈ మాటనే చాలామంది దాటేస్తారు. మూలం ఒకటి, భద్రంగా దాచే నకలు ఒకటి. ఆపై 16 బిట్ల రీడింగును డిగ్రీల్లోకో పౌండ్లలోకో మార్చి 64 బిట్ల సంఖ్యగా దాస్తే నాలుగింతలు.

తాత్పర్యం: పై ఉదాహరణలో సెన్సర్ల 3.6 ఆరింతలై 21.6 అవుతుంది, వీడియో రెండు ప్రతులకు 9. రికార్డరు కొనేవారికి గంటకు 8.1 గిగాబైట్లు చాలు, సర్వరు గదికి మాత్రం 30.6 రాసుకోవాలి.