ఖాళీ సీట్లకు సుంకము

కేంద్ర రహదారి రవాణా శాఖామాత్యులవారి సముఖమునకు,

అయ్యా,

అనంతపురము దాటి బెంగుళూరు దిక్కునకు సాగు 44వ నంబరు జాతీయ రహదారిపైనున్న మా రాప్తాడులో, వేరుసెనగ పైరు వానకై ఎదురుచూచినట్లు మనుష్యులు పల్లెవెలుగు బస్సుకై ఎదురుచూచుట చిరకాలముగా వచ్చుచున్న ఆచారము. ఆ నిరీక్షణమున మాకు దొరకు వినోదమెల్ల, ఒక్క దేహమును మోసికొని, తక్కిన సీట్లు శూన్యముగా, మా ముందునుండి దూసికొనిపోవు కార్లను తిలకించుటయే.

కారుపై మాకు ద్వేషమెట్లుండును? 2019 ఆగస్టు 8న తొలి సెల్టోసు వెలువడిన కియా కర్మాగారము ఈ దారిలోనే, పెనుకొండ చెంత ఎర్రమంచియందున్నది. మా సీమ పిల్లలకు అది కూడు పెట్టుచున్నది. శ్రీశైలమునుండి హంద్రీ-నీవా పంపులు ఎత్తిపోసిన కృష్ణాజలము, చేలకంటె ముందో వెనుకో, దానికిని అందినది.

తన కారు, తన పెట్రోలు, తన యిష్టము అనువాని వాదము బలమైనదే. అయినను దారి తనది కాదు గదా! మేకలను తోలుకొని అవతలి బీడునకు పోవలసిన ముదుసలి, ఆగని వాహనప్రవాహమునకు జడిసి రోడ్డంచున నిలిచిపోయినప్పుడు, ఆమె కోల్పోయిన స్వేచ్ఛ ఎవరి ఖాతాలో జమయగుచున్నదో తమ శాఖవారు ఎన్నడైన లెక్కగట్టిరా? స్త్రీలకు 2025 ఆగస్టు 15 నుండి రాష్ట్రప్రభుత్వము బస్సు ప్రయాణమును ఉచితము చేసినది. బస్సు వచ్చినచో అది మహోపకారము.

కావున నా విన్నపమేమనగా, మరూరు టోల్‌గేటువద్ద బండినిబట్టి వసూలగుచున్న రుసుమునకు తోడు, ఖాళీ సీటు ఒక్కింటికి ఇంతయని సుంకము విధింపుడు. ఇది ఉన్మాదప్రలాపమని త్రోసిపుచ్చవలదు. 1975లో సింగపూరు ప్రభుత్వము రద్దీవేళల నగరమధ్యమున ప్రవేశించు కార్లపై రుసుము వేసినపుడు, నలుగురు కూర్చుండి వచ్చిన కారును ఊరకనే విడిచిపెట్టినది. ప్రసవవేదన పడుచున్న ఇల్లాలిని ఆసుపత్రిలో దింపి ఒంటరిగా మరలివచ్చు వానిని మాత్రము క్షమింపవలెను. గేటువద్ద తలలు లెక్కించు కొలువులు మా నిరుద్యోగులకే దయచేయవలెను.

కేంద్రమంత్రుల వాహనములకు టోలు మినహాయింపు ఉన్నదని నే నెరుగుదును. తమ వెనువెంట వచ్చు కార్లలోని ఖాళీ సీట్ల విషయము తమ విచక్షణకే విడిచిపెట్టుచున్నాను. వానిలో నొకటి అనంతపురము పోవునదైనచో, మేము చేయెత్తియే యున్నాము.

ఇట్లు,
విధేయుడు,
రాప్తాడు బస్టాండునుండి