వెనక బెంచీ చదువు

మొన్న పింఛను కాగితాల పనిమీద జిరాక్స్ అంగడికి పోయినాను. నా ముందర ఇద్దరు ఆడపిల్లలు, బీఈడీ రెండో ఏడాదంట. ఒకామె పరిశీలన రికార్డును ఇంకొకామె జిరాక్స్ తీయించుకుంటా ఉంది, రాత్రికి కూర్చుని చూసి రాసుకోవడానికి. అడిగి ఒక పేజీ చదివినాను. ఉపాధ్యాయుడు విద్యార్థులను చక్కగా ప్రేరేపించెను, నల్లబల్లను సమర్థంగా వినియోగించెను అని ఉంది. ఏ పిల్ల ఏమడిగింది, ఎవరు బిక్కమొగం వేసినారు, ఒక్క ముక్కా లేదు. ఆ వాక్యాలు శ్రీకాకుళం బడికీ సరిపోతాయి, మడకశిర బడికీ సరిపోతాయి. నాకు కడుపు రగిలిపోయింది.

మా రోజుల్లో, 1980లలో, టీచరు ట్రైనింగులో మా మెథడ్ మాస్టరు ఒక కట్టడి పెట్టినాడు. పరిశీలనకు పోతే ‘బాగుంది’, ‘బాగాలేదు’ అనే మాటలు రాయగూడదు. కంటికి కనబడింది, చెవిన పడింది మాత్రమే రాయాల. కర్ణాటక సరిహద్దు పల్లెలో ఒక బడికి నన్ను పంపినారు. మూడో తరగతి, తీసివేతలు. అయివారు బుడ్డలు పోసి లెక్క చెప్తా ఉన్నాడు. మూలన ఒక పిల్లోడు నోరే తెరవలేదు. ‘మందబుద్ధి’ అని రాసుకొచ్చినాను. మాస్టరు ఆ మాట కింద గీత గీసి, ‘ఇది నీకు ఏ కంటికి కనబడిందిరా? రేపు పోయి వాని పక్కన కూర్చో’ అన్నాడు.

కూర్చున్నాను. పిల్లోడు వేళ్లు ముడుస్తా ఒందు, ఎరడు, మూరు అనుకుంటా ఉన్నాడు. ఇంట్లో కన్నడం. జవాబు కన్నడంలో తేల్చుకుని తెలుగులోకి మార్చుకునేలోపల ముందు వరస పిల్లోళ్లు అరిచేస్తా ఉన్నారు. ఇంకొకటి కూడా ఆ పొద్దే చూసినాను. అయివారు ప్రశ్న వేసి, ముందు వరసను చెయ్యెత్తి ఆపి, ఆ మూలకు తిరిగి కాసేపు ఊరకే నిలబడినాడు. పిల్లోడు జవాబు చెప్పినాడు. ముందురోజు కూడా ఆయన అట్లే నిలబడి ఉంటాడు. నాకే కనబడలేదు. ముప్పై ఏళ్లకు పైన పాఠాలు చెప్పినాను గానీ, ఆ నిలబడటం కంటే పెద్ద సంగతి నేను ఏ పుస్తకంలోనూ నేర్చుకోలేదు.

పుస్తకాలూ తక్కువేం కాదు. సాయంత్రం పొద్దు వాలినాక వేపచెట్టు కింద చేరేవాళ్లం. చలం ‘బిడ్డల శిక్షణ’ ఒక్కటే ప్రతి. ఒకరు చదివితే పదిమంది వినేది. బెత్తం లేకుంటే పిల్లోళ్లు మాట వింటారా అని మాలో ఒకడు గట్టిగా వాదించినాడు. నేను కన్నడ పిల్లోడి సంగతి చెప్పినాను. వానికి బెత్తం చూపించి ఉంటే వేళ్లు కూడా ముడిచేవాడు కాదు గదా అన్నాను. వాదం ఆ రాత్రి తెగలేదు. మరునాడు ఇద్దరమూ ఇంకో బడికి పోయి చూసినాము. చదివినదాన్ని తరగతిలో వెతకడం, తరగతిలో చూసినదాన్ని మళ్లీ పుస్తకం ముందర పెట్టడం, అదీ మా ట్రైనింగు.

1916లో మా అనంతపురం కాలేజీలో పనిచేసిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు, 1910లో సైదాపేటలో ఉపాధ్యాయ శిక్షణకు పోయినారు. అక్కడ ఆయన మనస్తత్వశాస్త్ర పరిజ్ఞానం చూసి, తోటి శిక్షణార్థులకు ఆయన చేతనే ఉపన్యాసాలు చెప్పించినారు. అంతటివాడు కూడా చదివింది తోటివాళ్ల ముందర పెట్టినాడు. జపాన్ అయివార్లు ఈ పొద్దుకీ ఒకరు పాఠం చెప్తే మిగతావాళ్లు గోడవారన నిలబడి పిల్లోళ్లను గమనిస్తారు, తరవాత అందరూ కూర్చుని మాట్లాడుకుంటారు. దాన్ని జుగ్యో కెన్‌క్యూ అంటారు.

ఇప్పుడు కాలమేమీ తక్కువ ఇవ్వలేదు, ఒప్పుకుంటాను. 2015 నుంచి బీఈడీ రెండేళ్లు చేసినారు. బడిలో గడపడానికే ఇరవై వారాలు పెట్టినారు, మొదటి ఏడాది నాలుగు, రెండో ఏడాది పదహారు. మాకు దక్కని అదృష్టం అది. గిజుభాయి ‘పగటి కల’, తోత్తోచాన్ కథ ‘రైలుబడి’ తెలుగులో దొరుకుతాయి. ఏం లాభం? చేతిలో డీఎస్సీ గైడు తప్ప వేరే పుస్తకం కనబడదు. అయివారు లేని తరగతికి వీళ్లను కాపలా పెట్టి, వారం చివర రికార్డు మీద సంతకం గీకి పంపిస్తా ఉన్నారు.

మా అనంతపురం సీమలో ఇది మామూలు తప్పు కాదు. ఏడాదికి అయిదున్నర వందల మిల్లీమీటర్ల వాన పడితే అదే గొప్ప. అదీ ఎగ్గొట్టిన ఏడు అమ్మానాయనలు బెంగళూరుకు వలసపోతారు, పిల్లోళ్లు అవ్వ దగ్గర మిగులుతారు. ఆ ఏడు తరగతిలో ఎవరు నిద్రపోతా ఉన్నారు, ఎవరు మధ్యాహ్నం గంట కోసమే చూస్తా ఉన్నారు, ఇవి కళ్లు తెరిచి చూసినవానికే తెలుస్తాయి. చూడనివాడు ‘గైర్హాజరు’ అని రాసి చేతులు దులుపుకుంటాడు.

ఆ జిరాక్స్ అంగట్లో రికార్డు రాసినామెను అడిగినాను. ‘నిజంగా బడికి పోయినావా తల్లీ?’

‘పోయినాను సార్.’

‘ఏం చూసినావు?’

ఆమె కొంచెంసేపు ఆలోచించింది. ‘నాలుగో తరగతిలో ఒక పాప చెల్లెల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని రాస్తా ఉండె సార్. చెల్లెలు పలక లాగితే, తన నోట్సులోనుంచి ఒక కాగితం చించి ఇచ్చింది. టీచరు చూసి ఏమీ అనలేదు. చిన్నదానికి ఒక సుద్దముక్క ఇచ్చింది.’

‘ఇంత మంచి సంగతి రికార్డులో ఎందుకు రాయలేదమ్మా?’

‘దానికి కాలమ్ లేదు సార్.’

జేబులోనుంచి పెన్ను తీసి ఇచ్చినాను. పక్కన అంచులో చోటుంది, అక్కడ రాయి అన్నాను. ఆమె కౌంటరు మీదే రికార్డు తెరిచింది. రెండోది జిరాక్స్ ఆపమని అంగడాయనకు చెప్పింది.