నా సంగీత జ్ఞానము

నాలుగు కచేరీలు విని పది రాగాలు గుర్తుపట్టడం వస్తే చాలు, మనిషికి ఒక జబ్బు పట్టుకుంటుంది. తాను పాడడు, పాడేవాళ్ళను పాడనివ్వడు. నాకది బాగా ముదిరింది.

మా శంషాబాదు దగ్గర నర్కూడలో అమ్మపల్లి సీతారాముల గుడి ఉంది. కోనేరు, ఏడంతస్తుల గోపురం, తరచూ ఏదో ఒక సినిమా షూటింగు. ఓ శ్రీరామనవమికి అక్కడ భజన గోష్ఠి 'వరలీల గానలోల' ఎత్తుకుంది. తాళాలు పట్టిన పెద్దాయన ఒక చరణం అంటే అందరూ అదే వరసలో అందుకుంటున్నారు. విమానం నెత్తిమీదుగా రొద చేసుకుంటూ పోయినా లయ తప్పలేదు. గమకాల ఊగిసలాట లేదు. స్వరాలు బ్యాండు మేళంలా చకచకా ఎక్కి దిగుతున్నాయి. నేను ఊరుకోవచ్చుగా! "షూటింగుల గాలి దేవుడి పాటకూ సోకింది. ఇది సినిమా ట్యూనండీ" అన్నాను, నలుగురికీ వినపడేలా.

పెద్దాయన పాట పూర్తయ్యాక నావైపు తిరిగి, "ఇది త్యాగయ్యది బిడ్డా" అన్నాడు.

ఇంటికెళ్ళి పుస్తకాలు తిరగేశాను. శంకరాభరణ రాగంలో దివ్యనామ కీర్తన! త్యాగయ్య (1767–1847) తిరువయ్యారులో ఉన్న రోజుల్లోనే, పక్కన తంజావూరులో రెండో శరభోజి (1798–1832) కొలువులో పాశ్చాత్య బ్యాండు మోగేది. ఆ మోత ఈ వరసలో వినిపిస్తుందని సంగీతజ్ఞులంటారు. ముత్తుస్వామి దీక్షితులైతే తెల్లవాళ్ళ బాణీలకే సంస్కృత సాహిత్యం కట్టి నొట్టుస్వరాలు చేశారు. ఇంగ్లండు రాజుగారి గీతాన్నీ వదల్లేదు.

ఇక పదిమందీ కలిసి పాడుకునే ఆ తీరు భజన సంప్రదాయానిది, రామదాసు కీర్తనలు నలిగిన దారిది. 'ప్రహ్లాద భక్తి విజయం' మొదట్లో త్యాగయ్య తలుచుకున్న పెద్దల్లో రామదాసూ ఉన్నాడు. ఆ రామదాసును బంధించిన గోలకొండ మా ఇలాకాలోదే. బ్యాండు మోతనూ, చెరసాల పాటనూ త్యాగయ్య హాయిగా ఇంట్లోకి రానిచ్చాడు. ఆయన పేరు చెప్పి మడి కట్టుకుని గుమ్మంలో నిలబడ్డది నేను.

దీంతో బుద్ధి వచ్చిందనుకునేరు. ఇప్పుడు ఆ కీర్తన మొదలవగానే శరభోజి బ్యాండు కథ ఎత్తుకుంటున్నాను. మొన్న గోష్ఠిలో పక్కనున్న ఆవిడ తాళం ఆపకుండానే, "సారూ, గదంత తర్వాత చెప్దురు గని, ముందుగాల చరణం అందుకోండ్రి" అన్నది.