నడుముకి కట్టిన తాడు

గాలి ఎంత జోరుగా వీస్తోందో చూశాను, ఎటు వీస్తోందో చూడలేదు. నా తెలివితక్కువతనం మొత్తం ఈ ఒక్క మాటలో ఇమిడిపోతుందని చాలాకాలం అనుకున్నాను. ఇమడదు. గాలి దిక్కు చూడకపోవడం తెలియనితనం, దాన్ని ఎలాగో క్షమించుకోవచ్చు. చెప్పినవాడి మాట వినకపోవడం, విన్నాక కూడా మా మేనల్లుడి నడుముకి నా చేత్తోనే తాడు కట్టడం, వీటికి ఆ పేరు చాలదు. రాజమహేంద్రవరంలో నన్ను ఎరిగినవాళ్ళకి ఈ సంగతి ముక్కలుముక్కలుగా తెలుసు. మొత్తంగా ఎవరికీ చెప్పలేదు.

దుబాయ్‌లో ఉండే మా బావమరిది సెలవుకి వస్తూ ఒక పవర్ కైట్ తెచ్చాడు. పేరుకి గాలిపటమే, కానీ వెదురుపుల్ల ఉండదు, కాగితం ఉండదు. పారాచూట్ గుడ్డతో రెండు పొరలుగా కుట్టి, మధ్యలో గదులు పెడతారు. ముందువైపు మూతులు తెరిచి ఉంటాయి. వాటిలోంచి గాలి దూరి గుడ్డ దిండులా ఉబ్బి రెక్క ఆకారంలోకి వస్తుంది. 1964లో డొమీనా జాల్బర్ట్ అనే ఆయన కనిపెట్టిన పద్ధతి ఇది. రెండు చేతుల్లో రెండు పిడులు, వాటికి సన్నటి బలమైన దారాలు. ఎడమ చెయ్యి లాగితే ఎడమకి, కుడి చెయ్యి లాగితే కుడికి తిరుగుతుంది. ఎండాకాలం ధవళేశ్వరం ఆనకట్ట దిగువన గోదావరి ఇసుక తేలి మైదానంలా పరుచుకుంటుంది కదా, అక్కడ సాయంకాలాలు ఎగరేయడం మొదలుపెట్టాను. మనిషిని రెండడుగులు ముందుకి ఈడ్చుకెళ్ళే గాలిపటాన్ని నేను అంతవరకూ పట్టుకోలేదు. ఆ ఈడ్పు ఒంట్లోకి పాకుతుంటే వచ్చే సంతోషాన్ని ఇప్పటికీ కాదనలేను.

ఇష్టం పెరిగితే నాకు చదవడం అలవాటు. బ్రిస్టల్‌లో జార్జ్ పోకాక్ అనే బడిపంతులు 1826లోనే గాలిపటాలు లాగే బండికి పేటెంటు తీసుకున్నాడని చదివాను. శామ్యూల్ కోడీ 1903లో గాలిపటం లాగే పడవ మీద ఇంగ్లిష్ ఛానల్ దాటాడని చదివాను. ఫ్రాన్సులో బ్రూనో, డొమినిక్ లెగెన్యూ అనే అన్నదమ్ములు 1984లో అంచుకి గాలి కొట్టే గాలిపటానికి పేటెంటు తీసుకున్నారని, ఇవాళ్టి కైట్ సర్ఫింగ్‌కి అదే మూలమని చదివాను. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మొదటిసారి కైట్ పోటీలు పెట్టి మార్సెయ్ సముద్రంలో జరిపినప్పుడు, అర్ధరాత్రి దాకా ఆ వీడియోలు చూస్తూ కూర్చున్నాను. ఇవన్నీ మా దానవాయిపేట మిత్రులకి చెప్పి చెప్పి వాళ్ళకీ ఆశ పుట్టించాను. ఆదివారాలు సముద్రానికి వెళ్ళడం అలా మొదలైంది. ఒకసారి కాకినాడ, ఒకసారి పేరుపాలెం, ఎక్కువసార్లు అంతర్వేది. పిల్లలూ పెద్దలూ రెండు మూడు కార్లలో బయల్దేరేవాళ్ళం. ఎవరింట్లోంచో పులిహోర, ఎవరింట్లోంచో గారెలు వచ్చేవి. రావులపాలెం దాటి కొబ్బరితోటల మధ్యకి వెళ్ళేసరికి నేను లెగెన్యూ సోదరుల గురించి మళ్ళీ మొదలుపెట్టేవాణ్ణి.

ఆ సోదరులు అంచుకి గాలి ఎందుకు కొట్టారో కూడా నేనే చెప్పేవాణ్ణి. నీళ్ళలో పడినా మునగకుండా తేలడానికి, అక్కణ్ణుంచే మళ్ళీ లేవడానికి. నా దగ్గరున్నది ఆ రకం కాదు. నీళ్ళలో పడితే తెరిచిన మూతుల్లోంచి నీరు దూరి బరువెక్కిపోతుంది. ఈ రెండు ముక్కలూ నా నోట్లోనే ఉన్నాయి. పక్కపక్కన పెట్టి చూడాలని తోచలేదు.

అది జూన్ మొదటి వారం. బడులు తెరిచేలోపు చివరి ఆదివారమని అందరూ పట్టుపట్టారు. మా మేనల్లుడు కాకినాడ నుంచి వచ్చాడు. ఇంజనీరింగు రెండో సంవత్సరం, చురుకైన కుర్రాడు. ఎండ పడకముందే చేరాలని తెల్లవారుజామున బయల్దేరి, సుమారు వంద కిలోమీటర్లు నడిపి, రాజోలు, సఖినేటిపల్లి మీదుగా అంతర్వేది చేరాం. స్వామి దర్శనం చేసుకుని తీరానికి వెళ్ళాం. ఫోనులో చూస్తే గాలి గంటకి ముప్ఫై కిలోమీటర్ల దగ్గర ఉంది. పొంగిపోయాను.

ఆ రోజుల్లో మన కోస్తాలో పొద్దున్నే వీచే ఆ గాలి ఏమిటో గోదావరి జిల్లాల్లో పుట్టినవాడికి తెలియాలి. మే చివర, జూన్ మొదట్లో నైరుతి వర్షాలు అందుకునే దాకా పడమటి నుంచి, వాయవ్యం నుంచి వడగాలి వస్తుంది. సముద్రం మీదనుంచి రావలసిన చల్లగాలిని అదే అడ్డుకుంటుంది. కోస్తాలో ఎండలు మాడ్చేసే రోజులన్నీ అలాంటివే. ఆ గాలి నేల మీదనుంచి సముద్రంలోకి పోతుంది. అంతర్వేది దగ్గర సముద్రం దక్షిణంగా, ఆగ్నేయంగా ఉంటుంది. అంటే ఆ పొద్దున ఒడ్డున నిలబడి గాలిపటం వదిలితే అది లేచేది నీళ్ళ మీదే, లాగేది నీళ్ళలోకే. కుర్చీ నీడకి లాక్కోవడానికి, గొడుగు వంచడానికి గాలి ఎటో చూసుకునే మనిషిని, ఇంత పటం ఎగరేసేటప్పుడు చూసుకోలేదు. ధవళేశ్వరం ఇసుకలో గాలి ఎటు లాగినా ముందు ఇసుకే ఉండేది. పడినా మోచేతులు గీసుకోవడం తప్ప ఏమీ అయ్యేది కాదు. ఆ ధైర్యాన్నే ఇక్కడికి తెచ్చాను.

ఒడ్డున బోట్లన్నీ కట్టేసి ఉన్నాయి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లతో వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం. నీళ్ళ మీద ఒక్క బోటు కూడా లేకపోవడం చూసి, దారాలకి అడ్డం ఉండదు, మంచిదయింది అన్నాను. బోటు లేని సముద్రమంటే ఎవరైనా కొట్టుకుపోతే అందుకోవడానికి బోటు లేని సముద్రమని నాకు తట్టలేదు.

పల్లిపాలెం పెద్దాయన ఒకాయన ఇసుకలో కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. మేం పటం పరుస్తుంటే లేచి వచ్చాడు.

"ఏవండీ, ఈ గాలికి ఎగరేత్తారా? ఇది పడమటి గాలండి. లోనికి అట్టుకుపోద్ది. పొద్దు తిరిగాకా గాలి మారితే అప్పుడు ఎగరేసుకోండి."

"పర్లేదు బాబాయ్, మాకలవాటే" అన్నాను.

ఆయన వాదించలేదు. పటం కేసి, పిల్లల కేసి చూసి వెళ్ళి మళ్ళీ కూర్చున్నాడు. నేను ఆ జవాబు ఎందుకిచ్చానో చాలాసార్లు తవ్వి చూసుకున్నాను. ఆయన మాట నమ్మకపోవడం కాదు. పొద్దు తిరిగేదాకా అంటే ఇంకా నాలుగైదు గంటలు. పిల్లలు అప్పటికే ఆత్రంగా ఉన్నారు. మధ్యాహ్నం ఎండకి ఆడవాళ్ళు ఉండలేమన్నారు. సాయంత్రానికి తిరిగి వెళ్ళాలి, సోమవారం అందరికీ ఉద్యోగాలు. ఇంతమందిని ఇంతదూరం తీసుకొచ్చి గాలి బాగోలేదని కూర్చోబెట్టడం నాకు చేతకాలేదు. ఒక్కణ్ణే వెళ్ళి ఉంటే ఆగేవాణ్ణేమో. పదిమంది ముందు ఆ మాట అనలేకపోయాను. తీసుకెళ్ళినవాడి పని సరిగ్గా అదే కదా.

ఆ తీరంలో గాలి సంగతి తెలియని ఇల్లు ఉండదు. 1996 నవంబరు 6న కోనసీమ మీదకి వచ్చిన తుపాను వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసింది. వేటకి వెళ్ళి తిరిగిరాని మత్స్యకారులు అందులో ఎందరో. గాలి ఏ మూల నుంచి తిరుగుతోందో ముందు చూసి, తర్వాతే తక్కిన పని చూసే మనుషులకి, ఫోను తెర మీద అంకె చూసి వచ్చిన నేను అలవాటే అని చెప్పాను.

తాడు సంగతికి వస్తాను. అసలు చెప్పవలసింది అదే.

పవర్ కైట్ పిడులకి మణికట్టు పట్టీలు వస్తాయి. పిడులు వదిలేస్తే పట్టీ ఒక దారాన్ని మాత్రం పట్టి ఉంచుతుంది, పటం జెండాలా వాలి పడిపోతుంది. ప్రమాదం వస్తే చేతులు వదిలెయ్, అంతే, అన్నది దాని ఏర్పాటు. ఆ పట్టీలు మా సంచీలోనే ఉన్నాయి, ఒకటి తెగి ఉంది. అంతకుముందు ఒకసారి పిడులు జారి పటం ఎగిరిపోతే తెచ్చుకోవడానికి నానా తంటాలు పడ్డాం. ఈసారి ముందు ఉన్నది సముద్రం. పోతే తిరిగి రాదు, మళ్ళీ కొనాలంటే మన దగ్గర దొరకదు. అందుకని రెండు పిడుల్నీ ఒక నవారుతో కలిపి, దాన్ని మేనల్లుడి నడుముకి ముడివేశాను. గట్టిగా వేశాను. జారకుండా లాగి కూడా చూశాను.

చిన్నప్పటి నుంచీ గాలిపటం అంటే నాకున్న భయం ఒక్కటే, దారం తెగి పోతుందేమోనని. సంక్రాంతికి మేడ మీద ఎగరేసిన ప్రతివాడి భయమూ అదే. చేతిలోంచి దారం జారితే ఆట పోయినట్టు. ఈ పెద్ద పటంతో సంగతి సరిగ్గా తలకిందులు. ఇక్కడ మనిషిని కాపాడేది పటం పోవడమే. వదలడం చేతకావాలి, వదలడానికి వీలుండాలి. నా చేతులకి చిన్నప్పటి భయమే గుర్తుంది. ఆ భయంతోనే ముడి వేశాను.

గాలి జోరు రెట్టింపైతే లాగుడు నాలుగింతలవుతుంది. ఇసుకలో సాయంత్రం పదిహేను కిలోమీటర్ల గాలికి నన్ను రెండడుగులు జరిపిన పటం, ఆ పొద్దున కుర్రాణ్ణి నిలబడనివ్వలేదు. పైగా పటం లేపే చోటు కూడా తప్పు. గాలికి వీపు పెట్టి నిలబడితే పక్కల్లో, నడినెత్తిన లాగుడు తక్కువ, ఎదురుగా నడుమెత్తున అన్నిటికన్నా ఎక్కువ. పక్కనుంచి మెల్లగా లేపాలి. మేం సరిగ్గా ఎదురుగా, నీళ్ళ అంచున పరిచి లేపాం. అది లేచీ లేవగానే వాడు ముందుకి పరిగెత్తాడు, తర్వాత పడ్డాడు, తర్వాత కెరటాల్లోంచి ఈడ్చుకుపోయింది. పిడులు వదిలేశాడు. వదిలినా నడుముకి తాడుంది. "మావయ్యా, ముడి" అని అరిచాడు. ఒక్కసారే వినిపించింది.

పటం కొంతదూరం పోయి నీళ్ళలో కూలింది. అంతటితో ఆగుతుందనుకున్నాను. గదుల నిండా నీరు దూరి అది బరువుగా కిందకి దిగుతూ, గోదావరి పాయ వశిష్ఠ సముద్రంలో కలిసే చోటు కావడంతో, లోపలికి పోయే నీటితో పాటు సాగింది. వాడు దానికి కట్టి ఉన్నాడు. దారాలు కాళ్ళకి చుట్టుకున్నాయి. నేను నడుం లోతు దాకా వెళ్ళాను, కెరటం వెనక్కి తోసింది. నాకు ఈత గోదావరిలో వచ్చు, అది అక్కడ పనికి రాలేదు.

వల దగ్గర కూర్చున్న పెద్దాయన, ఆయనతో ఇంకొక కుర్రవాడు, ఒడ్డునున్న తెప్పని నీళ్ళలోకి తోసి తెడ్లేసుకుంటూ వెళ్ళారు. ఇంజను లేని తెప్పలకి నిషేధం వర్తించదు, అందుకే అది ఆ వేళ వేటకి సిద్ధంగా ఉంది. వల కోసే చాకుతో దారాలు, నవారు కోసి వాణ్ణి పైకి లాగారు. పటం వదిలేశారు, పోయింది. ఒడ్డుకి తెచ్చి బోర్లా పడుకోబెట్టి నీళ్ళు కక్కించారు. వాడి కుడిచేతి రెండు వేళ్ళు దారం కోసుకుని ఎముక దాకా తెగాయి, పిక్క చుట్టూ వాత. రాజోలులో కుట్లు వేయించాం. వేళ్ళు ఇప్పుడు కదులుతాయి, చూపుడువేలు పూర్తిగా ముడుచుకోదు.

ఆ పెద్దాయనకి చేతులెత్తి దణ్ణం పెట్టాను. మాట వినుంటే బాగుండేదని ఆయన అనలేదు. అన్నది ఒక్కటే: "ఆళ్ళమ్మ ఒచ్చిందా అండి?" రాలేదని చెప్పాను.

తర్వాతి సంవత్సరం రామేశ్వరం వెళ్ళాను. అక్కడా తూత్తుకుడిలోనూ కైట్ సర్ఫింగ్ నేర్పుతారు. రామేశ్వరం దీవి నాలుకలా సముద్రంలోకి సాగి ఉండడంతో, వేసవిలో నైరుతి గాలికి ఒక వైపు, చలికాలంలో ఈశాన్య గాలికి రెండో వైపు అనువుగా దొరుకుతుంది. గాలికి తగ్గ ఒడ్డు వెతుక్కుని వెళ్తారు. నేర్పేవాళ్ళు నీళ్ళలోకి దింపకముందు చిన్న పటంతో ఇసుకలో వదిలించడమే సాధన చేయించారు. ఎర్రటి పిడి ఒకటి, కళ్ళు మూసుకుని చెయ్యి దాని మీదకి పోవాలి, ముందుకి తొయ్యాలి, పటం పోవాలి. మళ్ళీ మళ్ళీ. నా చెయ్యి ప్రతిసారీ ఒక క్షణం ఆలస్యం చేసేది. నేర్పే కుర్రాడు కారణం అడిగితే చెప్పలేకపోయాను.

మా ఆదివారాలు ఆగలేదు. ఇప్పుడు మధ్యాహ్నం బయల్దేరతాం. పటం విప్పే ముందు ఒడ్డున వాళ్ళని అడుగుతాం, వద్దంటే సంచీ తెరవం. తెరవకుండా వచ్చిన రోజులు ఉన్నాయి, ఆ రోజుల్లో పిల్లలు అలిగారు కూడా. మేనల్లుడు మాత్రం మళ్ళీ రాలేదు. నన్ను ఒక్క మాట అనలేదు. ఆసుపత్రి బల్ల మీద ఉండగానే వాడే, "అమ్మకి కెరటానికి పడ్డానని చెబుదాం మావయ్యా" అన్నాడు. నేను ఒప్పుకున్నాను. వాడు నా కోసం అన్నాడని తెలిసీ ఒప్పుకున్నాను. అక్క అంతర్వేది స్వామికి మొక్కు తీర్చుకుంది, నన్ను దగ్గరకి తీసుకుని నువ్వు పక్కనుండబట్టి సరిపోయిందిరా అంది.

ఆ ముడి ఎవరు వేశారో అక్కకి ఇంకా తెలియదు. ఇది పత్రికలో వచ్చాక ఎవరో చదివి చెబితే వినడం కన్నా నా నోటితో వినడం మేలు. రేపు పొద్దున కాకినాడ వెళ్తున్నాను.