బండి వెనుక బండి: టీకా తాత్పర్య సహితము

బండి వెనుక నొక్క బండి కట్టెడువాడు
మూడు టన్నులరను మోయవచ్చు;
కారు పలక చూచి కడుపు నింపకమున్న
తూచి కదలు వాడె తుదకు జేరు.

అవతారిక: బ్రిటన్‌లో బి-వర్గపు లైసెన్సు సంపాదించి, బ్యాంకు హాలిడేకి కారు వెనక కారవాన్ తగిలించుకుని వేల్స్ సముద్రతీరానికి పోదామని ఉబలాటపడే తెలుగు గృహస్థుకు ఈ పద్యం ఉపదేశం. మొదటి రెండు పాదాలూ అధికారాన్ని చెబుతాయి, చివరి రెండూ సామర్థ్యాన్ని. చదువరులు చాలామంది రెండో పాదం దగ్గరే పుస్తకం మూసి కారవాన్ల దుకాణానికి బయల్దేరుతున్నందున వ్యాఖ్య అవసరమైంది.

టీక: బండి వెనుకన్ = కారు వెనక కొక్కేనికి; ఒక్క బండి = ఒక కారవాన్‌ను; కట్టెడువాడు = తగిలించుకున్న లైసెన్సుదారు; మూడు టన్నుల అరను = 3,500 కిలోల దాకా; మోయవచ్చున్ = లాగినా పోలీసులు లైసెన్సును తప్పుపట్టరు; కారు పలక = తలుపు సందులోనో బానెట్ కిందో ఉండే విన్ ప్లేటు; కడుపు = కారవాన్ కడుపు, గృహస్థుది కాదు; తూచి = వే బ్రిడ్జి ఎక్కించి; తక్కినవి సుగమం.

పాఠభేదాలు: రెండో పాదానికి ఇవి మెండు. 1997 జనవరి 1కి ముందు కారు పరీక్ష గట్టెక్కిన పూర్వీకుల ప్రతిలో కారూ ట్రెయిలరూ కలిపి 8,250 కిలోలని ఉంటుంది. అందుకు వారు చేసిన తపస్సేమీ లేదు, ముందు పుట్టారంతే. ఆ తర్వాతివారికి పాఠం కుంచించుకుపోయింది: ట్రెయిలరు 750 కిలోలు దాటితే, రెండు బండ్ల గరిష్ఠ బరువులూ కలిపి 3,500 మించరాదు, మించితే బి-ప్లస్-ఇ అనే వేరే పరీక్ష. 2021లో లారీ డ్రైవర్లకు కరువొచ్చి, పరీక్షకులను లారీల వైపు మళ్లించడానికి ఈ పరీక్షనే ఎత్తేశారు. సెప్టెంబరు 20న పరీక్షలు ఆగాయి. కొత్త చట్టం నవంబరు 15న వస్తుందన్నారు, రాలేదు; డిసెంబరు 16న వచ్చింది. ఆ నడుమ కొత్తవాడికి పరీక్షకు వెళ్లే దారి లేదు, వెళ్లకుండా పెద్ద కారవాన్ లాగే దారీ లేదు. త్రిశంకుడికైనా ఒక స్వర్గం కట్టిచ్చారు. ఉత్తర ఐర్లండ్ శాఖవారు ఇవేవీ ఒప్పుకోలేదు. అక్కడ ఆ పరీక్ష ఇంకా ఉంది.

పూర్వపక్షం: “నేను లాగేది ఖాళీ కారవాన్. నాకీ లెక్కలెందుకు?” సమాధానం: లైసెన్సు చూసేది కారవాన్ మీద రాసిన గరిష్ఠ బరువును. లోపల మంచముందా మనిషి పప్పు నానబోశాడా అన్నది దానికి పట్టదు.

మరో పూర్వపక్షం: “చట్టమే 3,500 ఇచ్చింది గదా, నా చిన్న కారుతో అంతా లాగుతాను.” ఇక్కడే మూడో పాదం అడ్డుపడుతుంది. చట్టం సడలింది గాని పలక సడల్లేదు. పలక మీద మొదటి అంకె నిండు కారు బరువు, రెండోది కారూ కారవానూ కలిసి ఉండదగిన బరువు. మొదటిది 2,000, రెండోది 3,600 అయితే, కారు నిండా జనం ఉన్నప్పుడు వెనకదానికి దక్కేది 1,600 మాత్రమే. రెండో అంకె లేనే లేదంటే ఆ కారుకు లాగుడు రాసిపెట్టలేదు. కారు కర్త ఇచ్చిన చేతిపుస్తకంలోని లాగుడు పరిమితినీ చూడాలి. ఇదిగాక, కొత్తవాడు కారు ఒట్టి బరువులో 85 శాతానికి మించిన కారవాన్ జోలికి పోవద్దని కారవాన్ క్లబ్బుల మాట: 1,500 కిలోల కారుకు 1,275. ఇది శ్రుతి కాదు, స్మృతి. మీరితే జరిమానా లేదు. అయినా ఎదురుగాలి వీచే వంతెన మీద నేను శ్రుతి కన్నా దీన్నే నమ్ముతాను.

‘కడుపు’ గురించి కొంత విస్తరించాలి. ఖాళీగా 1,125, గరిష్ఠంగా 1,275 ఉన్న కారవాన్‌లో సామానుకు మిగిలేది 150 కిలోలు. అందులోనే ముందర వేసే గుడారం, బ్యాటరీ, కుర్చీలు. నలభై లీటర్ల నీళ్లు నింపితే నలభై కిలోలు గోవిందా. అటుపైన సోనా మసూరి మూట, టేబుల్ టాప్ గ్రైండరు, అయిదు లీటర్ల కుక్కరు, “అక్కడ దొరుకుతుందో లేదో” అన్న అనుమానంతో ఎక్కిన సమస్తం. ఈ లెక్కను ఇల్లాలికి ఎవరు చెప్పాలన్న విషయంలో పద్యం మౌనం వహించింది, వ్యాఖ్యాతా అంతే.

‘మోయ’ అన్నది యతికోసం పడిన మాటలా ఉన్నా ఔచిత్యం ఉంది. కారు కారవాన్‌ను ఈడుస్తుంది గాని, దాని ముక్కు బరువును కొక్కెం మీద నిజంగా మోస్తుంది. సాధారణంగా నిండు కారవాన్ బరువులో 5 నుంచి 7 శాతం దాకా ముక్కు మీద ఉండాలి, కొక్కెం పరిమితికి లోబడి. గ్రైండరును ఇరుసుకు దగ్గరగా నేల మీద పెట్టాలి. వెనక కిటికీ కింద పెడితే ముక్కు తేలిపోయి కారవాన్ పాములా ఊగుతుంది.

తాత్పర్యం: లైసెన్సు ఇచ్చింది లాగడానికి అనుమతి, పలక చెప్పింది ఎంత లాగవచ్చునో.

‘తుదకు’ అనడంలో ఆలస్యం సూచితం: మోటార్‌వేపై గంటకు 60 మైళ్లు, మామూలు రెండువైపుల రోడ్డు మీద 50, మూడు వరుసల మోటార్‌వేలో కుడి వరుస నిషిద్ధం. ‘వాడె’ అన్న ఏకవచనం కారులోని అందరికీ ఉపలక్షణం. మామగారు దారిలో నడుం వాల్చడానికి కారవాన్ మంచం ఎక్కుతానంటే ఒప్పుకోకూడదు. కదిలే కారవాన్‌లో మనిషి ఉండరాదు.