బావగారి కారుకి 91 చాలు

మా బావగారు ఉండేది కూకట్‌పల్లిలో. కానీ అలాంటి ఆయన ప్రతి అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనూ ఒకరుంటారు. వెండిరంగు కవరు కింద సెకండ్ హ్యాండ్ జర్మన్ టర్బో కారు, ముందు వేలాడే నిమ్మకాయా మిరపకాయలూ, పక్కన కారు తుడిచిన బనీను ఆరేసిన పాత స్కూటరు కనిపిస్తే చాలు, ఆయన పై ఫ్లోర్లలో ఎక్కడో ఉన్నట్టే.

కారు 22 లక్షలు. బేరంలో లక్ష అటో ఇటో అయినా కళ్లు మూసుకుని ఇచ్చేశారు. ఏనుగును కొన్నాయన అంకుశం దగ్గర బిగుసుకున్నట్టు, ఆయన బిగుసుకునేదల్లా పెట్రోలు బంకులో.

2021లో ఓసారి తోడు వెళ్లాను. బంకు కుర్రాడు ట్యాంకు తలుపు తీసి, "ప్రీమియమా సార్, నార్మలా?" అన్నాడు. తలుపు లోపలి చీటీ మీద కనీసం 95 ఆక్టేన్ అని రాసుంది. మామూలు పెట్రోలుది అప్పట్లో 91.

"బావగారూ, 95 అంటోందండీ."

"అది జర్మనీ వాళ్లకి రాసిందోయ్. అక్కడ చలి. నార్మల్ కొట్టవయ్యా, జీరో చూపించు."

లీటరుకి నాలుగు రాళ్లు మిగిలాయి. ఆ ఆదివారమే స్కూటరుకి ప్రీమియం పట్టించారు. నేను నోరు తెరిచేలోపే, "అది ముసలిదోయ్, బలం కావాలి. కారుదేముంది, వయసులో ఉంది, గంజి పోసినా పరిగెడుతుంది" అన్నారు. అంతకు ముందు డిసెంబరులో ఇండియన్ ఆయిల్ వాళ్లు 100 ఆక్టేన్ పెట్రోలు తెచ్చి ఢిల్లీలో లీటరు 160 రూపాయలకి పెడితే, పేపరు మడుస్తూ, "మన బంకులోకి వస్తే స్కూటరుకి ఓ అరలీటరు పట్టించాలి" అన్నారు, హార్లిక్స్ సంగతి మాట్లాడినట్టు.

చిక్కంతా అక్కడే. ఆక్టేన్ అంటే బలం కాదు, ఓర్పు. ఎంత నొక్కినా తనంతట తాను అంటుకోకుండా ఆగే ఓర్పు. ఐసో ఆక్టేన్‌కి 100 మార్కులు, హెప్టేన్‌కి సున్నా వేసి, మిగతా పెట్రోళ్లని వాటితో పోల్చి చూస్తారు. టర్బో ఇంజిన్ గాలిని కూరి కూరి నొక్కుతుంది. ఓర్పు చాలని పెట్రోలు, స్పార్కు మంట తన దాకా రాకముందే భగ్గుమంటుంది, గట్టిమేళం మోగకముందే అక్షింతలు వేసేసే పెళ్లివారిలా. స్కూటరు అంత నొక్కదు. దానికి పోసిన ఓర్పంతా బూడిదలో పన్నీరే.

ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కే ర్యాంపు మీద ఈ శాస్త్రం చెవులారా విన్నాను. మే నెల మధ్యాహ్నం. ఏసీ ఫుల్లు. వెనక మా అక్క, పిల్లలిద్దరు, ఊరి నుంచి తెచ్చిన బియ్యం బస్తా. బావగారు కాలు అదిమారు. బానెట్‌లోంచి డబ్బాలో శనగలు గిలకరించిన చప్పుడు!

"విన్నావా? జర్మన్ ఇంజిన్. మాట్లాడుతుంది."

తిడుతోందని నా అనుమానం.

రెండు క్షణాల్లో చప్పుడు ఆగింది, దాంతోపాటే ఊపూ చచ్చింది. ఇంజిన్‌కి నాక్ సెన్సరని ఒకటుంటుంది. పెద్దకోడలి లాంటిది. లోపల గొడవ వినపడగానే స్పార్కుని కాస్త వెనక్కి జరిపి, పరువు వీధిన పడకుండా సర్దేస్తుంది. ఆ సర్దుబాటుకి అయ్యే ఖర్చు కారు బలమే. 22 లక్షలు పోసి కొన్నది సరిగ్గా ఆ బలాన్నే. అంతలో నలుగురిని ఎక్కించుకున్న క్యాబ్ ఒకటి హారన్ కొట్టి మరీ మమ్మల్ని దాటిపోయింది.

"వాడికి తొందర" అన్నారు బావగారు.

"మన పాత కారు కూడా ఇలాగే ఎక్కేది కదండీ" అంది అక్క.

బండి ఏనాడూ నడిరోడ్డు మీద ఆగిపోలేదు. అందుకే ఆయనకి బుద్ధీ రాలేదు. "ఏం కాలేదుగా?" అన్నది ఆయన తారకమంత్రం.

ఇప్పుడు పెట్రోల్లో 20 శాతం ఇథనాల్. దానికి ఓర్పు ఎక్కువ కాబట్టి మామూలు పెట్రోలే 95కి చేరింది. ఆ వార్త వచ్చిన పొద్దున్నే ఫోను.

"చూశావా? గవర్నమెంటే నా దారికొచ్చింది!"

సాయంత్రం వెళ్లినప్పుడు కవరెత్తి, ట్యాంకు తలుపు తీసి చూశాను. 95 కింద చిన్న గుండ్రంలో ఇంకో ముక్క ఉంది. ఇ10. అంటే ఇథనాల్ 10 శాతం దాకానే అని. బావగారు ఇంకా ఆ లైను దాకా రాలేదు.