ప్యాకేజీ మేనేజర్‌ని పక్కన పెట్టండి

అప్ట్ ఇన్‌స్టాల్ అని కొడితే నిమిషంలో వచ్చే ప్రోగ్రాంని సోర్స్ నుంచి బిల్డ్ చేసుకోవడం దండగ అంటారు అందరూ. వాళ్ల మాట వినకండి. ఒక నెల రోజులు ఏ కొత్త ప్రోగ్రాం కావాలన్నా మీరే బిల్డ్ చేసుకోండి.

కాన్ఫిగర్ నడుస్తుంటే టీకి లేవకండి. ప్రతి లైనూ చదవండి. జీలిబ్ దొరకలేదని ఆగిపోయిందా? లైబ్రరీ మీ మెషీన్‌లో ఉండే ఉంటుంది, లేనివి దాని హెడ్డర్ ఫైళ్లు. డెబియన్‌లో అవి పేరు చివర 'డెవ్' అని ఉండే వేరే ప్యాకేజీలో వస్తాయి. అది తెచ్చుకుంటే రెండు నిమిషాల పని. అయినా తెచ్చుకోకండి, జీలిబ్‌ని కూడా సోర్స్ నుంచే కట్టండి. ఇలా ఒకదాని కోసం ఇంకోటి కడుతూ ఒక చిన్న ప్రోగ్రాంకి నా ఆదివారమంతా పోయింది. ఏది దేనిమీద నిలబడిందో నాకు తెలిసింది ఆ రోజే.

మేక్‌కి జె ఆప్షన్ ఇచ్చి ఎనిమిది కోర్లనూ పరుగెత్తించకండి. లైన్లన్నీ కలగాపులగమై అసలు ఎర్రర్ ఎక్కడో పైన ఉండిపోతుంది. ఒక్క కోరు చాలు. 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ మేక్ రాసింది మారిన ఫైళ్లను మాత్రమే మళ్లీ కంపైల్ చేయించడానికి. ఒక సి సోర్స్ ఫైల్లో ఖాళీ లైను చేర్చి మళ్లీ మేక్ కొట్టండి, ఆ ఒక్కటే కంపైలై చివర్లో లింక్ అవుతుంది. ఎంత ముచ్చటగా ఉంటుందో!

కంపైలర్‌నీ వదలకండి. జీసీసీ తనను తాను మూడు విడతలుగా కట్టుకుంటుంది. మొదటిది పాత కంపైలర్‌తో, రెండోది మొదటిదానితో, మూడోది రెండోదానితో. చివరి రెండు విడతల ఆబ్జెక్ట్ ఫైళ్లు ఒకేలా వచ్చాయో లేదో పోల్చుకుంటుంది. రాత్రంతా పట్టినా పట్టనివ్వండి.

ఇంత చాదస్తం ఎందుకంటారా? 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ టూల్లో ఎవరో పెట్టిన దొంగదారి బయటపడింది. దాన్ని తెరిచే ఒక స్క్రిప్టు గిట్‌లో లేదు, విడుదల చేసిన టార్‌బాల్‌లో మాత్రమే ఉంది. కాన్ఫిగర్ వేళ అది టెస్ట్ ఫైళ్లలో దాచిన కోడ్‌ని బయటికి లాగేది. ఎస్ఎస్‌హెచ్ లాగిన్ అరసెకను ఆలస్యమవుతోందని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే డెవలపర్ వెంటపడి పట్టుకున్నాడు. అందుకే రెడీమేడ్ కాన్ఫిగర్ ఉన్న టార్‌బాల్ వద్దు. గిట్ నుంచి సోర్స్ తీసుకుని, ఆటోరీకాన్ఫ్‌తో కాన్ఫిగర్‌ని మీరే పుట్టించుకోండి. మేక్ ఇన్‌స్టాల్‌ని రూట్‌గా మాత్రం ఎన్నడూ కొట్టకండి. ప్రిఫిక్స్‌గా మీ హోమ్‌లోనే ఒక్కో ప్రోగ్రాంకి ఒక్కో ఫోల్డర్ ఇవ్వండి. వద్దనుకున్న రోజు ఆ ఫోల్డర్ తీసేస్తే సరిపోతుంది.